పీడీఎఫ్‌లో ఊగే లోలకం

లోలకం గురించి చెప్పే భౌతికశాస్త్ర పాఠంలో సాధారణంగా ఒక బొమ్మ ఉంటుంది. ఒక దారం, ఒక గుండు, ఊగుతున్నట్లు సూచించే చుక్కల గీతలు. అదే పాఠాన్ని పీడీఎఫ్‌గా రూపొందిస్తే ఆ గుండు నిజంగానే ఊగవచ్చు. కింద ఉన్న మీట నొక్కితే కదులుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఆ ఫైలునే ఫోన్‌లో తెరిస్తే మాత్రం చాలాసార్లు గుండు కదలదు. ఫైలు పాడైపోయిందేమో అనిపిస్తుంది కానీ, అసలు కారణం వేరు.

ఏ కంప్యూటర్‌లో తెరిచినా పేజీ ఒకేలా కనిపించాలన్న ఉద్దేశంతో అడోబ్ సంస్థ 1993లో పీడీఎఫ్‌ను విడుదల చేసింది. 2008లో అది ఐఎస్‌ఓ ప్రమాణమైంది. ఏ అక్షరం ఎక్కడ ఉండాలి, ఏ గీత ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలి అన్న వివరాలు ఈ ఫైలులో ఒక భాగం. దానిపై పరిచిన పారదర్శక కాగితం లాంటిది రెండో భాగం. ఈ చోట నొక్కితే 37వ పేజీకి వెళ్లు, ఈ గడిలో అంకె రాయనివ్వు, ఈ జావాస్క్రిప్ట్ నడుపు అనే ఆదేశాలు అందులో ఉంటాయి. మొదటి భాగాన్ని అన్ని పీడీఎఫ్ రీడర్లూ చూపిస్తాయి. రెండోదాన్ని ఎంతవరకు పాటిస్తాయన్నది ఆయా రీడర్లను బట్టి మారుతుంది.

300 పేజీల పుస్తకంలో నొక్కే చోట్లన్నీ ఒక్కొక్కటిగా చేత్తో గుర్తించడం అయ్యే పని కాదు. అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్ ఆ శ్రమ తప్పిస్తుంది. తన పుస్తకం రెండో కూర్పు ప్రూఫులు నచ్చక డొనాల్డ్ క్నూత్ 1970ల చివర్లో టెక్‌ను రూపొందించారు. దాని మీద లెస్లీ లాంపోర్ట్ లేటెక్‌ను నిర్మించారు. ఇందులో రచయిత ‘12వ సమీకరణం చూడండి’ అని అంకె వేయనక్కర్లేదు. సమీకరణానికి ఒక పేరు పెట్టి, ఆ పేరుతోనే ప్రస్తావిస్తే చాలు. మొదటిసారి కూర్చేటప్పుడు ఏ పేరు ఏ పేజీలో పడిందో సాఫ్ట్‌వేర్ పక్క ఫైలులో రాసుకుంటుంది, రెండోసారి అంకెలు నింపుతుంది. ప్రతి అక్షరం స్థానం దానికి ముందే తెలుసు కాబట్టి అక్కడే లంకె కూడా పెట్టగలదు. హైపర్‌రెఫ్ అనే ప్యాకేజీ చేసేది ఈ పనే. మధ్యలో కొత్త సమీకరణం చేరి 12 కాస్తా 13 అయినా లంకె తెగదు.

తెలుగు పాఠానికి ఇక్కడ ఇంకో చిక్కుంది. పీడీఎఫ్ పేజీలో నిల్వ ఉండేది ఫాంటులోని ఆకారాల సంఖ్యలు. ‘స్త్రీ’ లాంటి అక్షరంలో ఏ ఆకారం ఏ యూనికోడ్ అక్షరాలకు చెందినదో తెలిపే పట్టిక ఫైలులో సరిగా లేకపోతే, కంటికి పేజీ చక్కగానే కనిపిస్తుంది, వెతికితే మాత్రం పదం దొరకదు. యూనికోడ్‌ను నేరుగా అర్థం చేసుకునే జీటెక్, లువాటెక్ వచ్చాక ఈ ఇబ్బంది తగ్గింది. అయినా పూర్తిగా పోలేదు.

ఇక ఊగే గుండు సంగతి. లేటెక్‌లోని యానిమేట్ ప్యాకేజీ సినిమా రీలు పద్ధతినే వాడుతుంది. ఒక మీటరు పొడవున్న లోలకం ఒకసారి ఊగి తిరిగి రావడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. సెకనుకు 24 చొప్పున 48 బొమ్మలు చాలు, ఆపై అవే మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక్కో బొమ్మలో గుండు ఎక్కడుండాలో లోలకం సూత్రం నుంచే లెక్కగట్టి గీయించవచ్చు. 48 బొమ్మలూ ముందుగానే ఫైలులో ఉంటాయి. జావాస్క్రిప్ట్ ఒక్కోదాన్ని చూపిస్తూ మిగతావాటిని దాచిపెడుతుంది. అడోబ్ రీడర్‌లో ఇది చక్కగా నడుస్తుంది. జావాస్క్రిప్ట్‌ను పట్టించుకోని రీడర్‌కు ఇవన్నీ చడీచప్పుడు లేని గీతలే.

ఇంతకన్నా పెద్ద దెబ్బ ఫ్లాష్‌ను నమ్ముకున్నవారికి తగిలింది. ఒకప్పుడు పీడీఎఫ్‌లో వీడియోలు పెట్టడానికి దాన్ని విరివిగా వాడారు. 2020 డిసెంబరు 31తో అడోబ్ ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ఆపేసింది. ఆ పత్రాల్లో అక్షరాలు చెక్కుచెదరలేదు, వీడియోలు ఉండాల్సిన చోట మాత్రం ఏమీ ఆడదు. దీర్ఘకాలం భద్రపరిచే పత్రాల కోసం 2005లో వచ్చిన పీడీఎఫ్/ఏ ప్రమాణం జావాస్క్రిప్ట్‌ను, ఆడియోను, వీడియోను అసలు అనుమతించలేదు. అప్పట్లో అది అతి జాగ్రత్తగా అనిపించి ఉండవచ్చు.

అందుకే కదిలే బొమ్మ పెట్టేవారు కదలనప్పుడు ఏది కనిపించాలో కూడా ఎంచుకోవాలి. యానిమేట్‌లో దానికి వీలుంది. గుండు నిటారుగా వేలాడే బొమ్మకు బదులు, ఒక చివరకు చేరిన బొమ్మను ఎంచుకుంటే, ఫోన్‌లోనూ అచ్చు కాగితం మీదా కనీసం దారం చేసే కోణమైనా కనిపిస్తుంది.