వార్తల్లో పదం: ఏఐ వాషింగ్

మామూలు సాఫ్ట్‌వేర్‌నో, మనుషులు చేసే పనినో కృత్రిమ మేధ పేరుతో అమ్ముకోవడమే ఏఐ వాషింగ్. ఇలాంటి తప్పుడు ప్రకటనల కేసుల్లోనే డెల్ఫియా, గ్లోబల్ ప్రెడిక్షన్స్ అనే పెట్టుబడి సలహా సంస్థలు 2024 మార్చిలో అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి కలిపి 4 లక్షల డాలర్ల జరిమానా కట్టేందుకు ఒప్పుకున్నాయి. కొత్త ఏఐ ప్రకటన రాగానే కొందరు టెక్ ఉద్యోగులు అనుమానంతో వెటకారం చేసేది ఇందుకే.

ఆ అనుమానం పల్నాడుకూ అవసరం. మిర్చి చేలో మందు కొట్టే డ్రోన్ జీపీఎస్ దారిలో తనంతట తాను ఎగిరినంత మాత్రాన తెగులును గుర్తుపట్టినట్టు కాదు. నరసరావుపేటలో ఏఐ పేరుతో అమ్మే కోర్సుకు ఫీజు కట్టే విద్యార్థయినా, మాచర్ల, గురజాల రైతయినా ముందు అడగాలి: ఈ ఏఐ ఏ సమాచారంతో నేర్చుకుంది? ఎంత తరచుగా పొరబడుతుంది? నష్టమొస్తే బాధ్యత ఎవరిది? జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు చెల్లించాలి.