లైనక్స్ లాప్‌టాప్‌లో శబ్దం ఎక్కడ ఆగిపోతుంది?

తెరపై అధ్యాపకుని పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం వినిపించడం లేదు. లేదా చెవి ఆనిస్తే తప్ప వినపడనంత సన్నగా వస్తోంది. మూలనున్న వాల్యూమ్ గుర్తు మాత్రం నూరు శాతం చూపుతూనే ఉంది! ఇటువంటప్పుడు స్పీకరు పాడైందనుకొని మరమ్మతు దుకాణానికి పరుగెత్తేవారున్నారు, లైనక్స్‌నే తీసివేసేవారూ ఉన్నారు. రెండింటికీ తొందరపడనక్కరలేదు.

శబ్దం స్పీకరును చేరేలోగా కొన్ని అంచెలు దాటాలి. అడుగున, కెర్నెల్‌లో ఉండేది ఆల్సా. సౌండ్ చిప్‌ను నడిపేది ఇదే. 2003 చివర వెలువడిన 2.6 కెర్నెల్‌లో ఇది భాగమైంది. దానిపైన సౌండ్ సర్వర్ ఉంటుంది. బ్రౌజరు, పాటల ప్లేయరు ఒకేసారి మోగినా రెంటినీ కలిపి కిందికి పంపడం దీని పని. చాలాకాలం పల్స్‌ఆడియో ఈ పని చేసింది. 2021లో ఫెడోరా 34 పైప్‌వైర్‌కు మారింది, తరువాత ఉబుంటు కూడా మారింది. మనం జరిపే వాల్యూమ్ మీట ఈ పై అంచెది. కింది నియంత్రణలన్నీ దానితోపాటు కదులుతాయన్న హామీ లేదు. కింది కుళాయి కట్టి ఉంటే పైది ఎంత తిప్పి ఏం లాభం?

శబ్దం సన్నగా రావడానికి కారణం తరచు ఇదే. మాస్టర్ దగ్గర 20 డెసిబెల్స్ తగ్గితే తరంగపు కంపన పరిమితి పదో వంతవుతుంది. స్పీకర్ అనే నియంత్రణ దగ్గర మరో 20 తగ్గితే నూరో వంతే మిగులుతుంది. డెసిబెల్స్ కూడుతాయి, శబ్దం మాత్రం భాగించబడుతుంది. దీనికి విరుగుడుగా పై మీటను నూరు శాతం దాటించేవారున్నారు. అలా చేస్తే తరంగాల శిఖరాలు తెగిపోయి మాట గరగరలాడుతుంది.

కాబట్టి ముందుగా సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ ఏదో చూడండి. ఒక్కొక్కప్పుడు శబ్దం స్పీకరుకు బదులు హెచ్‌డీఎంఐ దారిన పోతుంటుంది. అది సరిగానే ఉంటే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ నడపండి. ఎఫ్6 నొక్కి అసలు సౌండ్ కార్డును ఎంచుకోండి. మాస్టర్, స్పీకర్, పీసీఎం నిలువు పట్టీలు కనిపిస్తాయి. అన్ని చిప్‌లలోనూ ఈ మూడూ ఉండవు. పట్టీ అడుగున 'ఎంఎం' అని ఉంటే అది మూగబోయినట్లు. ఎం మీట నొక్కితే సున్నాలుగా మారుతుంది. పై బాణంతో పట్టీని పెంచండి.

హెడ్‌ఫోన్‌లో వినిపించి స్పీకరులో వినిపించకపోతే ఆటో-మ్యూట్‌ను అనుమానించాలి. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకరును ఆపే ఏర్పాటు అది. రంధ్రంలో దుమ్ము చేరినా, హెడ్‌ఫోన్ ఉన్నట్లే అది భ్రమపడవచ్చు. ఆల్సామిక్సర్‌లోనే దాన్ని కాసేపు ఆపి చూడండి.

'డమ్మీ అవుట్‌పుట్' అని మాత్రమే కనిపిస్తే విషయం వేరు. సౌండ్ సర్వర్‌కు వాడదగిన సౌండ్ కార్డే దొరకలేదు. ఇంటెల్ ఇటీవలి చిప్‌లున్న అనేక లాప్‌టాప్‌లకు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ కావాలి. ఆ ప్యాకేజీ లేకపోతే ఏ మీట జరిపినా ఫలితముండదు. దాన్ని స్థాపించి యంత్రాన్ని తిరిగి ప్రారంభించాలి.

ఇవన్నీ చేసినా మౌనమేనా? వేరొక లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. అక్కడ మోగితే లోపం మీ లైనక్స్ స్థాపనలోనో సెట్టింగులలోనో ఉంది. అక్కడా మోగకపోతే, ఆ లాప్‌టాప్‌లో ఉన్న వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ మోగకపోతే, అప్పుడు దుకాణానికి తీసుకెళ్లండి.