గవదబిళ్లల తరువాత వృషణాల వాపు – సంతానభయం అవసరమా?

మడకశిర ప్రాంతంలో వైద్యం చేస్తున్న నన్ను పెండ్లీడు యువకులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, గవదబిళ్లలు కిందికి దిగినాయి. ఇక నాకు పిల్లలు పుట్టరా?" ఈ భయానికి కారణం లేకపోలేదు, కాని భయపడినంత ప్రమాదం లేదు.

దవడ సంధిలో వచ్చే గట్టి వాపును సుశ్రుతుడు 'పాషాణగర్దభం' అన్నాడు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్, చెవుల ప్రక్క వాపుతోపాటు కొందరికి వృషణాలు వాచడం గమనించాడు. ఇది వైరస్ వలన కలిగే అంటువ్యాధి. చిన్నపిల్లలలో వృషణాల వాపు అరుదు. టీకా లేని యువకులకు వ్యాధి సోకితే నూటికి 20 నుండి 30 మందిలో కనిపిస్తుంది. దవడ వాచిన వారం, పది రోజులలో మళ్లీ జ్వరం, వృషణంలో నొప్పి వస్తాయి.

వృషణాన్ని గట్టి పొర కప్పి ఉండడంతో లోపలి వాపుకు చోటు చాలక, వీర్యకణాలు తయారయ్యే సన్నని నాళాలు నలుగుతాయి. తరువాత వృషణం కొంత చిన్నబడవచ్చు. అయితే ఎక్కువమందికి ఒక ప్రక్కనే వస్తుంది. రెండవది బాగుంటే సంతానానికి సాధారణంగా లోటుండదు. రెండూ వాచినా పూర్తి వంధ్యత్వం అరుదు. దాంపత్యశక్తి కూడా సాధారణంగా తగ్గదు.

గృహచికిత్స

వైద్యునికి చూపించి, వాపు తగ్గేవరకు మంచంపైనే విశ్రాంతి తీసుకోవాలి. పొలంపని, మోటారుసైకిలు ప్రయాణం మానాలి. లంగోటీతో వృషణాలకు ఆధారమివ్వాలి. చల్లని నీటిలో తడిపి పిండిన గుడ్డను పది నిమిషాలు వేయాలి. పలుచని రాగిజావ, పెసరకట్టు పథ్యం. పులుపు లాలాజలాన్ని ఊరించి దవడనొప్పిని పెంచుతుంది. వృషణాలకు సున్నం పూయరాదు, కాపడం పెట్టరాదు.

దవడ వాపు లేకుండా వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే అది మెలిపడి ఉండవచ్చు. 6 గంటలలోపు శస్త్రచికిత్స జరగాలి. రాత్రయినా సరే హిందూపురం వంటి పెద్ద ఆసుపత్రి ఉన్న ఊరికి వెళ్లండి.

పరీక్ష ఎప్పుడు?

రసధాతువు శుక్రంగా మారడానికి ఒక నెల పడుతుందని సుశ్రుతసంహిత. వీర్యకణం తయారీకి సుమారు 74 రోజులని ఆధునిక శాస్త్రం. కనుక జ్వరం తగ్గిన 3 నెలలకు, 2 నుండి 7 రోజులు బ్రహ్మచర్యం పాటించి వీర్యపరీక్ష చేయించాలి. కృశించిన వృషణాన్ని లేహ్యాలతో పెంచుతామనే ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

పెద్దలకు ఒక మనవి. పెండ్లయి ఏడాది దాటినా సంతానం కలుగకపోతే నింద కోడలిపై వేయడం తగదు. దంపతులిద్దరికీ పరీక్ష జరగాలి. మొదట మీ కుమారునికి చేయించండి. సులభమైన పరీక్ష అదే.

2017లో మన రాష్ట్రంలో ప్రభుత్వం ప్రవేశపెట్టిన ఎం.ఆర్. టీకా తట్టుకు, రుబెల్లాకు మాత్రమే. గవదబిళ్లలను కూడా నివారించే ఎం.ఎం.ఆర్. టీకా గురించి పిల్లల వైద్యుని అడగండి.