విద్యుత్ భద్రతలో బృందసంభాషణ: 'లైన్ క్లియర్' విధానం - పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యుత్ ప్రమాదాలకు పరికరాల లోపాలనే ప్రధానకారణంగా భావించడం పరిపాటి. అయితే పలువురు కలిసి చేసే మరమ్మతు పనుల్లో సమాచారం అస్పష్టంగా చేరడం కూడా ప్రాణాంతకమవుతుంది. తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ వ్యవస్థలో వాడుకలో ఉన్న 'లైన్ క్లియర్' (ఎల్.సి.) విధానం ఆధారంగా, బృందసంభాషణకూ భద్రతకూ గల సంబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: విద్యుత్ భద్రత, బృందసంభాషణ, లైన్ క్లియర్, పని అనుమతి, సందిగ్ధార్థం.

1. ప్రవేశిక

తీగలో విద్యుత్తు ఉన్నదీ లేనిదీ చూపుతో తెలియదు. అందువల్ల 11 కె.వి. లైనుపై పనిచేసేవారి ప్రాణం, దూరాన 33/11 కె.వి. సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటర్ ఇచ్చే సమాచారంపై కూడా ఆధారపడి ఉంటుంది. విద్యుత్ చట్టం, 2003లోని 53వ సెక్షన్ భద్రతానిబంధనలకు ఆధారం. దీని ప్రకారం కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో రూపొందించిన నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. నిబంధన ఆచరణలోకి వచ్చేది మాత్రం పనిచేసేవారి సంభాషణ ద్వారానే.

2. లైన్ క్లియర్ - క్రమం

మరమ్మతుకు ముందు లైన్‌మన్ ఫీడర్ పేరు చెప్పి ఎల్.సి. కోరతారు. ఆపరేటర్ బ్రేకర్‌ను ఆపి, ఐసొలేటర్‌ను తెరిచి, తాళం వేసి, 'మనుషులు పనిచేస్తున్నారు' అనే హెచ్చరిక పలకను తగిలిస్తారు. ఎల్.సి. సంఖ్య, సమయం, తీసుకున్నవారి పేరు నమోదు చేసి అనుమతి ఇస్తారు. పనిస్థలంలో బృందం లైనులో విద్యుత్తు లేదని పరీక్షించి, పనిచేసే చోటికి ఇరువైపులా ఎర్తింగ్ చేస్తుంది. పని ముగిశాక అందరూ దిగారని లెక్క చూసుకుని, ఎర్తింగ్ తొలగించి, ఎల్.సి. తీసుకున్నవారే దానిని తిరిగి ఇవ్వాలి. ఆ తరువాతే లైన్‌ను ఛార్జ్ చేయాలి. తాళం భౌతికమైన అడ్డంకి. దానిని ఎప్పుడు తీయవచ్చో నిర్ణయించేది ఈ సంభాషణ.

3. సందిగ్ధార్థాలు

నిత్యవ్యవహారంలోని క్లుప్తత ఇక్కడ ప్రమాదహేతువు. 'లైన్ ఇచ్చాను' అన్న మాటను లైన్ క్లియర్ ఇచ్చినట్లుగానూ, సరఫరా ఇచ్చినట్లుగానూ గ్రహించవచ్చు. ఈ రెండు అర్థాలు పరస్పర విరుద్ధం. 'కరెంటు పోయింది' అన్న వాక్యంలో దానిని ఆపిన వ్యక్తి ప్రస్తావన లేదు. లైన్ ట్రిప్ అయిందో, ఎల్.సి. కింద ఆపారో అందులో తెలియదు. ట్రిప్ అయిన లైన్ ఏ క్షణమైనా తిరిగి ఛార్జ్ కావచ్చు. ఫీడర్లను ఊళ్ళ పేర్లతో పిలిచేచోట, ఒకే ఊరి పేరు రెండు ఫీడర్లకు వాడుకలో ఉంటే పొరపాటుకు అవకాశం మరింత పెరుగుతుంది.

దీనికి నివారణ ప్రతివచనం: విన్నవారు ఫీడర్ పేరు, స్విచ్ సంఖ్య, సమయం తిరిగి చెప్పాలి, చెప్పినవారు దానిని ధ్రువీకరించాలి. 'సరే' అన్న ఒక్క మాట, విన్నారని మాత్రమే తెలుపుతుంది. ఏమి అర్థం చేసుకున్నారో తెలుపదు.

4. పనివేళల మార్పు

ఒక బృందం నుంచి మరొక బృందానికి బాధ్యత మారే సమయంలో సమాచారం జారిపోయే అవకాశం ఎక్కువ. విద్యుత్ లైన్ల పనికి సంబంధించినది కాకపోయినా, ఇటువంటి పని అనుమతి విధానం విఫలమైన పైపర్ ఆల్ఫా దుర్ఘటన ఇందుకు నిదర్శనం. ఉత్తర సముద్రంలోని ఆ చమురు వేదికపై 1988 జులై 6న సంభవించిన పేలుళ్ళలో, మంటల్లో 167 మంది మరణించారు. మరమ్మతు కోసం రక్షణ వాల్వు తొలగించిన పంపును, ఆ విషయం తెలియని రాత్రి బృందం నడపడమే ఇందుకు మూలమని లార్డ్ కలెన్ విచారణ అభిప్రాయపడింది. కనుక అమలులో ఉన్న ప్రతి ఎల్.సి.నీ విధులు దిగే ఆపరేటర్ నమోదు పుస్తకం చూపుతూ చెప్పాలి. విధుల్లో చేరేవారు పలకలతో, తాళాలతో సరిచూసుకోవాలి.

5. హోదా - మౌనం

'ఎర్తింగ్ చేశామా?' అన్న సందేహం సహాయకుడికి కలిగినా, పైవారిని ప్రశ్నించడం అవిధేయత అవుతుందనే సంకోచం నోరు కట్టేస్తుంది. కాంట్రాక్టు కార్మికునికి ఉపాధిభయం కూడా తోడవుతుంది. పని ప్రారంభానికి ముందు బృందనాయకుడే 'ఎవరికైనా సందేహం ఉందా?' అని ఒక్కొక్కరినీ అడగాలి. పని ఆపమనే హక్కు అందరికీ ఉండాలి.

6. ముగింపు

సంభాషణ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. ఆపరేటర్ సరిగ్గా చెప్పినా, వినియోగదారుని జనరేటర్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా విద్యుత్తు వెనక్కి ప్రవహించి లైనును ప్రమాదకరం చేయవచ్చు. కాబట్టి మాటను పరీక్షతోనూ, పరీక్షాఫలితాన్ని మాటతోనూ ధ్రువీకరించుకోవాలి. చేతితొడుగులు, డిశ్చార్జ్ రాడ్‌ల వినియోగంలో ఇచ్చే శిక్షణతోపాటు, స్పష్టంగా చెప్పడం, తిరిగి చెప్పించుకోవడం, సంకోచం లేకుండా ప్రశ్నించడం కూడా భద్రతాశిక్షణలో భాగం కావడం అవసరం.