ఈతకు పోయిన పిల్లకు తలనొప్పి, జ్వరం వస్తే డాక్టరుకు ఈ ముక్క చెప్పండి

ఎండాకాలం సెలవులు వచ్చినయంటే మన బస్తీల పిల్లలు ఇంట్లో నిలవరు. మే నెలలో నాందేడ్ ఎండ 42 డిగ్రీలు దాటుడు మనకు కొత్త కాదు. రేకుల ఇంట్లో ఉడికిపోలేక గోవర్ధన్ ఘాటుకో, నగీనా ఘాటుకో ఉరుకుతరు. కొందరిని అమ్మమ్మ ఊరికి, నిజామాబాద్ వైపో నిర్మల్ వైపో పంపిస్తం. అక్కడ చెరువు ఉంటది, వ్యవసాయ బాయి ఉంటది. "పోనీ, ఈత నేర్చుకుంటడు" అనుకుంటం. నేర్చుకోవలసిందే. ఈత రానివాడికి నీళ్లే గండం.

కానీ ఎండకు కాగి, పారకుండా నిలిచిన నీళ్లలో ఇంకో గండం కూడా ఉండవచ్చు. అది కంటికి కనపడదు. దాని పేరు నేగ్లేరియా ఫౌలెరీ. టీవీలో, పేపర్లలో "మెదడు తినే అమీబా" అంటున్నది దీన్నే.

ముందే ఒక మాట చెప్పాలి. ఇది చాలా అరుదైన జబ్బు. నీళ్లలో మునిగి చనిపోయే పిల్లలే దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. ఈ జబ్బులో తల్లిదండ్రులు సమయానికి చెప్పే ఒక్క మాట పిల్లవాడి ప్రాణం నిలపవచ్చు. ఆ మాట ఏందో చెప్పడానికే రాస్తున్నం.

కేరళలో జరిగింది

2024లో కేరళలో మే నెల నుంచి జూలై మొదటి వారం లోపల ముగ్గురు పిల్లలు మెదడుకు అమీబా సోకే జబ్బుతో చనిపోయారు. మలప్పురం జిల్లాలో ఐదేళ్ల పాప, కన్నూరు జిల్లాలో పదమూడేళ్ల అమ్మాయి, కోజికోడ్ జిల్లాలో పద్నాలుగేళ్ల అబ్బాయి. పాప ఏట్లో స్నానం చేసింది. అబ్బాయి చెరువులో ఈత కొట్టిండు. మన పిల్లలు రోజూ చేసే పనే.

అదే కోజికోడ్ జిల్లాలో, అదే వయసున్న ఇంకో అబ్బాయికి కూడా ఊరి చెరువులో ఈత కొట్టిన కొద్ది రోజులకు తలనొప్పి పట్టుకుంది. జ్వరం వచ్చింది, తర్వాత ఫిట్స్ వచ్చినయి. వాళ్ల నాయన అంతకుముందే ఫోన్‌లో ఈ అమీబా గురించి చదివి ఉన్నడు. ఆసుపత్రికి తీసుకపోయి, "మావాడు చెరువులో ఈత కొట్టిండు" అని డాక్టర్లకు చెప్పిండు. డాక్టర్లకు అనుమానం వచ్చి వెంటనే పరీక్ష చేసి మందులు మొదలుపెట్టారు. జూలై 22న ఆ అబ్బాయి బతికి ఇంటికి వచ్చిండు.

ఇది ఎంత పెద్ద విషయమో ఈ లెక్క చూస్తే తెలుస్తది. అమెరికాలో 1962 నుంచి 2023 వరకు 164 మందికి ఈ జబ్బు వచ్చింది. బతికింది నలుగురే.

ముక్కే దారి

ఈ అమీబాను మొదటిసారి గుర్తించి 1965లో లోకానికి చెప్పినవాళ్లలో ఒకరు ఆస్ట్రేలియా డాక్టరు మాల్కమ్ ఫౌలర్. ఆయన పేరే దీనికి పెట్టారు. వెచ్చటి మంచినీళ్లలో, అడుగు బురదలో ఇది బతుకుతది. 46 డిగ్రీల వేడి దాకా తట్టుకుంటది. మామూలుగా దాని తిండి సూక్ష్మక్రిములు. మనిషి జోలికి రావాలని రాదు. దూకినప్పుడో మునిగినప్పుడో నీళ్లు ముక్కులోకి జోరుగా ఎక్కితే దానితో పాటు పైకి పోతది. వాసన తెలిపే నరం పట్టుకొని మెదడుకు చేరుతది.

అందుకే కొన్ని అపోహలు వదిలేయండి. ఈ నీళ్లు తాగితే ఈ జబ్బు రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. జబ్బుపడ్డ పిల్లను ముట్టుకోవచ్చు, పక్కన కూర్చోవచ్చు. సముద్రపు ఉప్పు నీళ్లలో ఇది బతకదు. క్లోరిన్ సరిగ్గా కలిపే ఈతకొలనులో భయం లేదు.

మన ముసలమ్మలు గోదావరిలో స్నానం చేసేటప్పుడు ఎట్లా మునుగుతరో గుర్తు తెచ్చుకోండి. ముక్కు గట్టిగా పట్టుకొని మూడు మునకలు. బాసరకు పోయినా, ఇక్కడ ఘాటు మీదైనా అదే పద్ధతి. పిల్లలకు అదే నేర్పండి.

ఇవి పాటించండి

ఎండాకాలంలో పారని నీళ్లలో, మడుగుల్లో, నీళ్లు తగ్గిన చెరువులో, పాచి పట్టిన బాయిలో తల ముంచవద్దు.

గట్టు మీది నుంచి దూకవద్దు. దూకితే ముక్కు మూసుకొనే దూకాలి. ఈతగాళ్లు పెట్టుకునే ముక్కు క్లిప్పు దొరికితే ఇంకా మంచిది.

లోతు లేని చోట కాళ్లతో అడుగు బురద కలపవద్దు. ఒకరి ముఖం మీద ఒకరు నీళ్లు కొట్టుకునే ఆట వద్దు.

మిద్దె మీది ట్యాంకును అప్పుడప్పుడు కడిగి మూత పెట్టండి. 2025లో కేరళ ప్రభుత్వం బావులు, ట్యాంకులు క్లోరిన్‌తో శుభ్రం చేయించింది ఇందుకే.

జలనేతి చేసేవాళ్లు కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో 2011లో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు ఈ జబ్బుతో చనిపోయారు.

ఏం కనపడితే ఉరకాలె

నీళ్లలో దిగిన తర్వాత 1 నుంచి 12 రోజుల లోపల, ఎక్కువగా ఐదో రోజు ప్రాంతంలో గుర్తులు మొదలవుతయి. మొదట నొసటి దగ్గర తట్టుకోలేని తలనొప్పి, జ్వరం, వాంతులు. ఆ తర్వాత మెడ బిగుసుకుపోతది, వెలుతురు చూడలేరు, పొంతన లేని మాటలు, ఫిట్స్. గుర్తులు మొదలైన ఐదారు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. "ఎండ దెబ్బ తగిలింది, రేపు చూద్దాం" అని ఇంట్లో ఉంచే జబ్బు కాదిది. మెడికల్ షాపు గోలీలతో రెండు రోజులు గడపవద్దు.

ఇబ్బంది ఏందంటే, ఈ గుర్తులు మామూలు మెదడు వాపు జ్వరం లాగనే ఉంటయి. పిల్ల నీళ్లలో మునిగిందన్న సంగతి డాక్టరుకు ఎవరూ చెప్పకపోతే ఆయనకు ఈ అమీబా ఆలోచనే రాకపోవచ్చు. అందుకని అడగకముందే చెప్పండి. మనలో చాలామంది తల్లులకు మరాఠీ అంతగా రాదు కాబట్టి ఈ వాక్యం నేర్చుకోండి:

"మాఝా ముల్‌గా పాచ్ దివసాంపూర్వీ నదీత్ పోహాయలా గేలా హోతా. నాకాత్ పాణీ గేలం హోతం."

అంటే, మా అబ్బాయి ఐదు రోజుల కింద నదికి ఈతకు పోయిండు, ముక్కులోకి నీళ్లు పోయినయి అని. అమ్మాయి అయితే "మాఝీ ముల్‌గీ", "గేలీ హోతీ" అనాలి. చెరువైతే "తలావాత్", బాయి అయితే "విహిరీత్".

మన ఊళ్లో విష్ణుపురిలో డాక్టర్ శంకర్‌రావు చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఏ ఆసుపత్రికి పోయినా, వెన్నులోంచి నీళ్లు తీసి పరీక్ష చేయాలంటే అడ్డం చెప్పకండి. "వెన్నులో సూది వేస్తే కాళ్లు పడిపోతయి" అనే మాట మన బస్తీల్లో తిరుగుతనే ఉంటది. అది ఉత్త భయం. ఆ నీళ్లను సూక్ష్మదర్శినిలో చూస్తేనే కదిలే అమీబా కనపడుతది. మందు కూడా ఉంది. ఆంఫోటెరిసిన్ బి, దానితో పాటు మిల్టెఫోసిన్ వంటివి ఇస్తరు. మిల్టెఫోసిన్ మన దేశంలో కాలా అజార్‌కు వాడే మందే. మందు పనిచేయాలంటే రోజులు గడవక ముందే మొదలుపెట్టాలి.

పిల్లల ఈత మాన్పించమని మేం చెప్పడం లేదు. ముక్కు పట్టుకొని మునగమనండి. ఊరికి పంపేటప్పుడు అమ్మమ్మకు, తాతకు కూడా ఈ సంగతి చెప్పి పంపండి. సెలవుల నుంచి తిరిగొచ్చిన పిల్లకు జ్వరమొస్తే, ఎక్కడ ఈత కొట్టింది, ఏ రోజు కొట్టింది అని తిట్టకుండా అడగండి. తిడతరని భయపడితే పిల్ల నిజం చెప్పదు. ఆ నిజమే డాక్టరుకు కావాలి.