నొప్పికి కొలబద్ద

వనస్థలిపురం రైతుబజారు దగ్గర ఒక కుర్రవాడు సైకిలు మీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడనుకోండి. ఆసుపత్రిలో వాడికి జ్వరం ఉన్నదేమో థర్మామీటరు చెబుతుంది. ఎముక ఎక్కడ విరిగిందో ఎక్స్‌రే చూపుతుంది. కాని నొప్పి ఎంత ఉన్నదో ఏ యంత్రమూ చెప్పదు. అందుకని నర్సు వాణ్ణే అడుగుతుంది: "బాబూ, నొప్పి లేకపోతే సున్న. ఇంతకు మించి ఉండదనిపిస్తే పది. నీకెంత?"

ఇదేం కొలత, నోటికి వచ్చిన అంకె చెబితేనో అని మీరు అనవచ్చు. శాస్త్రజ్ఞులూ యంత్రం కోసం ప్రయత్నించారు. 1940లో న్యూయార్కులో హార్డీ, ఉల్ఫ్, గుడెల్ అనే ముగ్గురు నుదుటికి నల్లసిరా పూసి, దానిమీద దీపపు వెలుగు పడేటట్టు చేసి, ఎంత వేడికి చురుక్కుమంటుందో చూశారు. పరీక్షకు తమ నుదుళ్లనే వాడుకున్నారు పాపం! నొప్పికి "డోల్" అని ఒక ప్రమాణం కూడా పెట్టారు. కాని ఆ దీపం తాను పుట్టించిన నొప్పినే కొలుస్తుంది. రోగి లోపలి నొప్పి దానికేం తెలుసు? పైగా ఒకే దెబ్బ అందరినీ ఒకేలా బాధించదు. రెండవ ప్రపంచయుద్ధంలో పెద్ద పెద్ద గాయాలు తగిలిన సైనికులు చాలామంది నొప్పిమందు అక్కరలేదన్నారని బీచర్ అనే అమెరికన్ వైద్యుడు రాశాడు.

నొప్పి ఎంతో తెలిస్తే చాలదు, ఎలాంటిదో కూడా తెలియాలి. కెనడాలో మెల్జాక్ అనే ఆయన 1975లో నొప్పిని వర్ణించే మాటలు 78 ఏరి, 20 జట్లుగా పేర్చాడు. ఈ విషయంలో మన తెలుగు ఎవరికీ తీసిపోదు. కురుపు సలుపుతుంది, కాలినచోట మండుతుంది, పిక్కలు లాగుతాయి, కడుపులో మెలిపెడుతుంది. "నొప్పి కాదు నాయనా, సలుపు" అని బామ్మ అంటే, చీము పట్టిందేమోనని వైద్యుడు చూస్తాడు.

మరి అంకెలు రాని పసివాళ్ల మాట? అమెరికాలో టల్సా అనే ఊళ్లో, కాలిన గాయాలతో ఉన్న పిల్లలకు డోనా వాంగ్, కానీ బేకర్ అనే ఇద్దరు ఉత్త సున్నాలు గీసి ఇచ్చి, వాటిలో ముఖాలు వెయ్యమన్నారు. వాటిని చూసే 1983 నాటికి ఆరు ముఖాల వరస తయారైంది: మొదటిది నవ్వుతుంది, చివరిది కన్నీరు కారుస్తుంది. బిడ్డ తన ముఖాన్ని తానే చూపాలి, నర్సు ఎంచకూడదు. ఏడవకుండానే ఏడుపు ముఖం చూపినా నమ్మవలసిందే.

మాటలే రాని శిశువులకు చాలాకాలం అన్యాయం జరిగింది. వాళ్లకు నొప్పి తెలియదనుకుని, 1980ల దాకా ఎందరికో సరైన నొప్పిమందు లేకుండానే ఆపరేషన్లు చేశారు. అది తప్పని 1987లో చూపినవారిలో మన దేశంలో పుట్టిన ఆనంద్ అనే వైద్యుడు ముఖ్యుడు. ఇప్పుడు శిశువు ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు చూసి, ఎత్తుకుంటే ఊరుకుంటున్నదా అని గమనించి, ఒక్కొక్కదానికి సున్న నుంచి రెండు దాకా మార్కులు వేస్తారు.

ఈ అంకెను బట్టే మందు ఇస్తారు. హైదరాబాదులో 1955లో వెలిసిన ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో నొప్పి తగ్గించటానికి ప్రత్యేక విభాగమే ఉన్నది. నొప్పి బాగా ఎక్కువైతే మార్ఫిను వంటి గట్టి మందులు వాడతారు.

మన సైకిలు కుర్రవాడికి ఎనిమిది ఉన్నా, సూది మందుకు భయపడి "రెండే" అన్నాడు. తల్లి వాడి ముఖం చూసి, "నిజం చెప్పు నాన్నా" అన్నది. "ఎనిమిది" అన్నాడు వాడు. మందిచ్చి, చేతికి బద్ద కట్టి, అరగంట తరవాత నర్సు మళ్లీ అడిగింది. "మూడు" అన్నాడు. ఆమె ఆ రెండు అంకెలూ, వాటి పక్కన వేళా కాగితం మీద రాసుకున్నది.