పాత దూలం వర్తకానికి పన్ను వెసులుబాటు. ఇల్లు విప్పేవారికి ఏదీ?

హిందూపురం: పాత మిద్దె ఇంటిని తీసివేయడానికి రెండు దారులున్నవి. యంత్రం పెట్టి కూల్చడం ఒకటి, కూలీలతో పైనుంచి వరుసగా విప్పడం మరొకటి. యంత్రంతో పని త్వరగా తీరుతుంది. కాని విరిగిన దూలం వంటచెరకే, పగిలిన రాతి స్తంభం పునాది రాయే. జాగ్రత్తగా విప్పిన వాకిళ్లు, దంతెలు, బండలు తిరిగి సరకవుతాయి. విప్పుడు కూలి, జాప్యం పోను యజమానికి గిట్టుబాటు కావాలి. అదే చిక్కు.

ఈ సరకు కొనే వర్తకులకు జి.ఎస్.టి. నియమావళిలో 32(5) నియమం ఒక వెసులుబాటు కల్పిస్తున్నది. పాత వస్తువులు కొని అమ్మే రిజిస్టర్డు వర్తకుడు, కొనుగోలుపై ఇన్‌పుట్ పన్ను జమ తీసుకోనట్లయితే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ గల తేడాపైనే పన్ను చెల్లించవచ్చును. ఉదాహరణకు 10,000 రూపాయలకు కొన్న వాకిలిని 13,000కు అమ్మితే పన్ను లెక్క 3,000పైనే. నష్టానికి అమ్మితే ఆ తేడాను లెక్కలోకి తీసుకోరు. సరకు స్వరూపం మారని చిన్నపాటి పని చేయవచ్చును. దూలం కోసి కొత్త బల్ల చేస్తే ఇది వర్తించదు. కొనుగోలు చీటీ భద్రపరచుకోవడం మంచిది.

పన్నులో మిగిలిన దానిలో కొంత ధరగా ఇస్తే యజమాని విప్పడానికి మొగ్గవచ్చు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగుళూరు రైలు మార్గంలోనే ఉన్నందున సరకు పంపడానికి దారి కొత్తగా వెతకనక్కరలేదు.

అయితే విప్పేవారికి నేరుగా ఈ నియమం ఇచ్చేదేమీ లేదు. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా కేంద్రం 2025లో ప్రకటించిన నిర్మాణ వ్యర్థాల నియమాలలో ఉత్పత్తిదారుల బాధ్యత 20,000 చదరపు మీటర్లు, ఆపైన విస్తీర్ణం గల ప్రాజెక్టులకే. మిద్దె ఇల్లు ఆ లెక్కకు రాదు.

అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరం 2015లో ఇళ్లు విప్పేవారికి గ్రాంటు ప్రకటించింది. 1916, అంతకు పూర్వపు ఇళ్లను విప్పే తీయాలని 2016 అక్టోబరు 31 నుంచి నిర్బంధం చేసింది. 2020లో ఆ హద్దును 1940కి పెంచింది. ముందు ప్రోత్సాహం, ఆ తర్వాతే నిర్బంధం.

ఇక్కడి స్థానిక సంస్థలు కొత్త ఇంటి అనుమతి సమయంలో కొంత డిపాజిట్టు కట్టించుకొని, విప్పిన సరకు పట్టీ చూపినవారికి వాపసు ఇస్తే ఖజానాకు భారం ఉండదు. అంతవరకు యంత్రం వాకిట్లోకి రాకముందే బేరం కుదుర్చుకోవడం ఉభయులకూ మేలు.